షోస్తకోవిచ్ నాటక చలనచిత్ర సంగీతము: హామ్లెట్టు, లియరు

గీతము, వాద్యము, నాట్యము వేర్వేఱు మూలములనుండి పుట్టినవే యైనను, ప్రయోగకాలమున గిఱ్ఱునఁ ద్రిప్పిన కొఱవివలె నొక్కటే వలయముగాఁ గనఁబడవలయునని భరతముని శాసించెను. ఈ యలాతచక్రోపమానమునకు మించిన లక్షణమును నాటకసంగీతమునకుఁ జెప్పుట కష్టము. అయినను లక్ష్యమును బరిశీలించునప్పు డీ లక్షణ మెంతదాఁక నన్వయించునో విచార్యము. కవి, ప్రయోక్త, గాయకుఁడు మువ్వురును గలిసి త్రిప్పెడి కొఱవి యిది. ఒకఁడు చేయి యాపినచో వలయము తెగును. ఒకఁడు బుద్ధిపూర్వకముగా నెదురు త్రిప్పినచో నేమగును? అది రసభంగమా, లేక మఱియొక విధమగు రసపోషణమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రష్యాదేశపు సంగీతకర్త ద్మిత్రి షోస్తకోవిచ్ రచనలకంటెఁ దగిన లక్ష్యము లరుదు.

షోస్తకోవిచ్ 1906లో సెంటుపీటర్సుబర్గున జన్మించి 1975లో మాస్కోలో మరణించెను. పదునైదు సింఫొనీలు, పదునైదు తంత్రీచతుష్కములు రచించిన కీర్తి యాతనిది. వీనితోపాటు ముప్పదికిఁ బైఁబడిన చలనచిత్రములకును, ననేక నాటకములకును నాతఁడు సంగీతము కూర్చెను. ఈ రెండవ రాశిని విమర్శకులు చిరకాలము పొట్టకూటి పనిగా నెంచి ప్రక్కకు నెట్టిరి. సంగీతమాత్రదృష్టి గలవారి కది సహజమే కావచ్చును. నాటకదృష్టి గలవారికి మాత్రము సింఫొనీలకంటె నీ రాశియే యెక్కువ యుపకారకము. ఏలయన, షేక్స్పియరు మహాకవి హామ్లెట్టు నాటకమునకు 1932లో రంగస్థలముపైనను 1964లో తెరమీఁదను, లియరు నాటకమునకు 1941లో రంగస్థలముపైనను 1971లో తెరమీఁదను నొక్క చేయియే సంగీతము కూర్చినది. ఒకే నాటకమును ముప్పదియేండ్ల యెడముతో రెండు భిన్నప్రయోగములకై యొకే సంగీతకర్త చేపట్టుట సాధారణముగా జరుగదు.

విషయములోనికిఁ బోవుటకు ముందు ధ్రువలను స్మరించుట యవసరము. నాట్యశాస్త్రమున ధ్రువాధ్యాయమునందుఁ బ్రావేశికి, ఆక్షేపికి, ప్రాసాదికి, ఆంతర, నైష్క్రామికి యని ధ్రువాగానము లైదు చెప్పఁబడినవి. పాత్రప్రవేశమునఁ బ్రావేశికి, నిష్క్రమణమున నైష్క్రామికి. నడచుచున్న రసమును ద్రోసివైచి రసాంతరమును దెచ్చునది యాక్షేపికి. కలఁగిన చిత్తమును దేర్చునది ప్రాసాదికి. నటుఁడు మూర్ఛిల్లినపుడో, యాహార్యము సవరించుకొనునపుడో, ప్రయోగమున నెడము కలిగినపుడో దానిని గప్పిపుచ్చునది యాంతర. ధ్రువాశబ్దమే దరువుగా మాఱి యక్షగానములందును భామాకలాపమునందును నిలిచినదని మన పండితు లెఱిఁగినదే. సత్యభామ జడ తెరమీఁద వైచి ప్రవేశదరువు పాడునప్పుడు భరతుని ప్రావేశికి నేఁటికిని బ్రదికియున్నదని తెలియును. ఈ యైదింటిలోఁ బ్రావేశికీనైష్క్రామికులు సులభములు, ఎవ్వరైనను గూర్పఁగలరు. సంగీతకర్తకు నిజమైన పరీక్ష యాక్షేపికియందే.

షోస్తకోవిచ్ ఈ విద్య నభ్యసించినది పాఠశాలలోఁ గాదు, మూఁగచిత్రములు చూపు చీఁకటిగదులలో. తండ్రి 1922లో మరణింపఁగాఁ గుటుంబము కష్టములపా లయ్యెను. సంగీతవిద్యాలయమునఁ జదువుచునే యాతఁడు లెనిన్‌గ్రాడులోని చిత్రశాలలందుఁ బియానో వాయించి జీతము తెచ్చెను. మూఁగచిత్రమునకు వాయించువాఁడు తెరను జూచుచు వ్రేళ్లు నడపవలెను. గుఱ్ఱములు పరుగెత్తిన నొక వరుస, నాయిక కన్నీరు పెట్టిన వేఱొక వరుస, ముసలివాఁడు జాఱిపడిన నింకొక వరుస. అది శరీరమునకును మనస్సునకును విసువు పుట్టించు పని. కాని యే గతి యే చేష్ట నెంతసేపు మోయఁగలదో వ్రేళ్లకుఁ దెలియఁజెప్పు చదు వింకొకటి లేదు. హార్మోనియము ముందుఁ గూర్చుండి నటుని పెదవిని గనిపెట్టుచు శ్రుతి నందించిన మన నాటకసమాజముల వాద్యగాండ్ర కీ సంగతి చెప్పకయే తెలియును.

ఆ యభ్యాసమునకు ఫలము 1929లో వచ్చిన 'క్రొత్త బాబిలోను' చిత్రము. కోజింత్సెవ్, త్రావుబెర్గ్ అను నిరువురు యువకులు దీనికి దర్శకులు. 1871 నాఁటి పారిసు కమ్యూను కథావస్తువు. టాకీ యప్పటికి రష్యాలోఁ బ్రవేశింపలేదు గనుక చిత్రశాలలోని వాద్యబృందము ప్రత్యక్షముగా వాయించుటకై షోస్తకోవిచ్ సంపూర్ణసంగీతము వ్రాసెను. అంతకుముందు చిత్రశాలలలో జరుగుచున్నది తోఁచిన పాట నతికించుటయే. ఈతఁడు దానికి భిన్నముగాఁ దెరపై నున్న దానినే చెవికిఁ జెప్పుట వ్యర్థమని నిశ్చయించెను. జర్మనుల యాశ్వికసైన్యము పారిసుమీఁదికి వచ్చుచున్నది. దృశ్యము మాఱి నిర్జనమైన భోజనశాల కనఁబడును. గుఱ్ఱము లిఁకఁ దెరమీఁద లేవు. సంగీతము మాత్ర మా గుఱ్ఱపుడెక్కలను విడువదు. కంటికి శూన్యశాల, చెవికి రానున్న యాపద. మఱియొకచోట ఫ్రెంచివారి దేశభక్తిగీతమును, ఆఫెన్‌బాఖ్ రచించిన కాన్కాన్ నృత్యపు వరుసయు నొకదానిపై నొకటి పెనవేసికొని నడచును. ధనికులు దేశభక్తి నెంత తేలికగా ధరించిరో యా రెండు వరుసల కలయికయే చెప్పును. దాని కింక వ్యాఖ్యానము వలదు.

ఇది యలాతచక్రమునకు విరుద్ధముగాఁ దోఁచును. దృశ్యమొక త్రోవ, శ్రవ్యమొక త్రోవ. అయిన నానందవర్ధనుని తలంచుకొన్నచో విరోధము శమించును. గీతశబ్దములకు వాచకత్వము లేకున్నను రసవ్యంజకత్వము కలదని ధ్వన్యాలోకమున నాతఁడు వ్యంజనను సాధించుటకు నిదర్శనముగాఁ జూపినాఁడు. సంగీతమునకు వాచ్యార్థమే లేనపుడు తెరపై నున్న దానిని మరలఁ జెప్పుట దాని పని కానేరదు. తెరపై లేని దానిని వ్యంజించుటయే దాని పని. శూన్యమగు భోజనశాల వాచ్యము, వచ్చుచున్న యాపద వ్యంగ్యము. రెండును ప్రేక్షకుని హృదయమునఁ గలిసినపుడే వలయము పూర్తియగును. కావున భరతుఁడు చెప్పిన చక్రము రంగముపైఁ గాక సహృదయునియందు దిరుగునని యర్థము చేసికొనుట సమంజసము. ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. అభినవగుప్తుని రసచర్చ నెఱిఁగినవారి కాశ్చర్యము కలిగింపదు. అయినను సంగీతవిషయమున దీని కింత స్పష్టమైన లక్ష్య మొక యిరువది రెండేండ్ల యువకుని చేత దొరకుట గమనింపఁదగినది.

ఈ కృతికి నాఁడు జయము కలుగలేదు. సంగీతము సిద్ధమైన తర్వాతఁ జిత్రమును మరలఁ గోసి కూర్చిరి; వరుసలు దృశ్యములతోఁ బొసఁగలేదు. చిత్రశాలల వాద్యగాండ్రు దీనిని వాయింపలేక చేతు లెత్తిరి. ఆ సంగీతము మూలఁబడి, సంగీతకర్త జీవితాంతకాలమున రోజ్దెస్త్వెన్‌స్కీ యను వాద్యబృందనాయకుని ప్రయత్నమున మరల వెలుఁగు చూచెను.

నాటకశాలలలో నాతఁడు చేసిన పని యీ కాలమునందే సాంద్రముగా నున్నది. 1928లో మాస్కోలో మెయెర్‌హోల్డ్ నాటకశాలయందుఁ గొంతకాలము పనిచేసి, మఱుసటియేఁడు మయకోవ్‌స్కీ 'నల్లి' నాటకమునకు సంగీతము కూర్చెను. అగ్నిమాపకదళమువారి బాకాబృందమువలె మ్రోఁగవలెనని కవి కోరఁగా నాతఁ డట్లే కూర్చెనఁట. ఆ మీఁద లెనిన్‌గ్రాడులోని శ్రామికయువజనుల నాటకశాలకు మూఁడు నాటకములు. ఇన్ని పనుల తర్వాత 1931లో నాతఁడు పత్రికాముఖమున నొక ప్రకటన చేసెను. నాటకశాలలును జిత్రశాలలును సంగీతమును బానిసను జేసినవనియు, నాయకుఁడు ప్రవేశించిన భేరిదెబ్బ, సజ్జనుల కొక హుషారు నృత్యము, దుర్జనుల పతనమునకు విదేశనృత్యపు వరుస, కథ సుఖాంతమైన నుల్లాసగీతము—ఇంతకుమించి సంగీతకర్తను గోరువారు లేరనియు నందలి సారాంశము. అతఁడు తిరస్కరించినది ప్రావేశికీనైష్క్రామికులను మాత్రమే యని నాట్యశాస్త్రము చదివినవారికి వెంటనే స్ఫురించును. సంగీతము వలదని యాతఁ డనలేదు. సూచికాఫలకమువలె నుండు సంగీతము వలదనెను.

ఇట్లు వైరాగ్యము ప్రకటించిన వెంటనే యొప్పుకొన్న బాకీ తీర్చుటకై వ్రాసినది 1932 నాఁటి హామ్లెట్టు. మాస్కోలోని వఖ్తాంగోవ్ నాటకశాల దానిని మే నెలలోఁ బ్రదర్శించెను. దర్శకుఁడు నికొలాయ్ అకీమోవ్. అంతకుముందు రంగాలంకరణమునఁ బేరు గడించినవాఁడు. ఈతఁడు షేక్స్పియరు విషాదనాటకమును దలక్రిందులు చేసెను. హామ్లెట్టు స్థూలకాయుఁడు, ఉల్లాసి, రాజ్యకాంక్షతోఁ గుతంత్రములు పన్నువాఁడు. ప్రేతము ప్రేతము కాదు. జనులను నమ్మించుటకు హామ్లెట్టు కల్పించిన మాయ. ఒఫీలియా యున్మాదిని గాదు; విందులో మద్యము త్రాగి పాడిన యువతి. ఇట్టి ప్రయోగమునకు షోస్తకోవిచ్ కూర్చినది చురుకైన సంగీతము. నృత్యవరుసలు, వేఁట, విందు, మూకాభినయము, ప్రేతకర్మ, ఫార్టిన్‌బ్రాసు కవాతు మొదలగు పదుమూఁడు ఖండికలను దర్వాత నొక మాలగాఁ గూర్చిరి. ఆ మాలను విడిగా వినువారు నేఁటికిని సంతోషింతురు. అందు జిగి యున్నది, బిగి యున్నది, పరిహాసమున వాడి యున్నది. కొన్ని వరుసలు మునుపటి యేఁటి వినోదప్రదర్శనమునకు వ్రాసినవే మరల వాడఁబడినవి.

అందొక దృశ్యము ముఖ్యము. రాజు పంపిన చారులు హామ్లెట్టు మనస్సులోని రహస్యమును రాఁబట్టఁజూచునపుడు, వేణువును వాయింపుఁడని హామ్లెట్టు వారి కందించును. వాయింప రాదని వా రందురు. ఈ చిన్న వేణువునే పలికింపలేనివారు నన్నుఁ బలికింతురా యని యాతని ప్రశ్న. షేక్స్పియరు నాటకమంతటిలో సంగీతము మనుష్యాత్మకు సాక్షాదుపమానముగా నిలిచిన స్థల మిది. అకీమోవ్ ప్రయోగమున హామ్లెట్టు వేణువును జేర్పరాని యంగమునకుఁ జేర్చి యసభ్యచేష్ట చేయును. వాద్యబృందములోని సన్నని వేణు వా కాలమునఁ బ్రచారములో నున్న యొక సామూహికగీతమును వెక్కిరించుచుఁ బలుకును. ప్రేక్షకులు నవ్వియుందురు, నవ్వవలసిన చమత్కారమే. కాని చమత్కారము రసము కాదు. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేఱు కారణము లేదన్న యానందవర్ధనుని మాటకు దీనికంటె నుదాహరణ మక్కఱలేదు. దోషము దర్శకునిదే కాని సంగీతకర్తది కాదని కొందఱు సమర్థింతురు. దర్శకుఁడు కోరినది కూర్చినాఁడన్న మాట నిజమే. అయినను వెక్కిరించినది వేణువే కదా! అది సామూహికగీతముపై విసరిన బాణముగాఁ దీసికొన్నను, ఆ బాణము హామ్లెట్టును జీల్చుకొని పోవుచున్నది.

ఇటుపై జరిగినది చరిత్రలోని విషయము. 1936 జనవరిలోఁ బ్రావ్దా పత్రిక యాతని 'మ్ట్సెన్‌స్కు మండలపు లేడీ మాక్బెత్' గేయనాటకమును సంగీతము కాదు, గందరగోళ మని ఖండించెను. రాజ్యాధిపతి యా ప్రదర్శనమునకు వచ్చి నడుమనే లేచి పోయిన రెండు దినములకు వచ్చిన వ్యాసమది. నాలుగవ సింఫొనీ నభ్యాసదశలోనే యుపసంహరింపవలసి వచ్చెను. అది 1961వఱకు వినఁబడలేదు. మెయెర్‌హోల్డును 1939లో నిర్బంధించి 1940లోఁ గాల్చి చంపిరి. 1932లో వచ్చిన 'ఎదురు ప్రణాళిక' చిత్రమునకు షోస్తకోవిచ్ కూర్చిన ప్రభాతగీతము దేశమంతటను బాడఁబడెను; ఆ గీతమునకు మాటలు వ్రాసిన కవి కొర్నీలోవ్ 1938లో హతుఁడయ్యెను. వరుస మిగిలినది, కవి మిగులలేదు. 1948లో రాజ్యపక్షము మరల ఖండింపఁగా షోస్తకోవిచ్ ఉపాధ్యాయపదవులు పోఁగొట్టుకొని, ప్రభుత్వస్తుతిపరములగు చిత్రములకు సంగీతము కూర్చి కుటుంబమును బోషించెను. ఆ చిత్రసంగీతమును సవిస్తరముగాఁ బరీక్షింప నక్కఱలేదు. అందుఁ బనితన మున్నది. అంతకుమించి వెదకుట గ్రంథకర్తకును న్యాయము కాదు.

లియరు నాటకము 1941 మార్చిలో లెనిన్‌గ్రాడులోని మహానాటకశాలయందుఁ గోజింత్సెవ్ దర్శకత్వమునఁ బ్రదర్శింపఁబడెను. దానికి షోస్తకోవిచ్ విదూషకుని పాటలు పదియుఁ, గార్డీలియా గీతమొకటియుఁ, దూర్యనాదములును గూర్చెను. విదూషకుని పాటలకు మార్షాక్ మాటలు. ఈ పాటల వరుస యాంగ్లేయభాష మాటాడు దేశములలోఁ గ్రిస్మసుపండుగకుఁ బిల్లలు పాడు బండిగంటల పాటకు వికారము. పసిపిల్లల పాటను రాజ్యభ్రష్టుఁడగు వృద్ధుని చెవిలో విదూషకుఁడు పాడుట! అకీమోవ్ హామ్లెట్టున వలెనే యిందును బరిహాసమున్నది. కాని యిచటి పరిహాసము కవి హృదయమునకు వ్యతిరేకము కాక దానినుండియే పుట్టినది. లియరును బసివానిగా భావించి మాటాడుట షేక్స్పియరు విదూషకుని స్వభావమే. పదేండ్లలో సంగీతకర్త యెంత దూరము నడచెనో యీ యొక్క వరుస చెప్పుచున్నది. 1954లోఁ గోజింత్సెవ్ హామ్లెట్టును రంగమెక్కించినపు డీ లియరు సంగీతమునుండియే చాల భాగమును గ్రహించి, క్రొత్తగా రెండు ఖండికలు మాత్రము చేర్చిరి. లియరునకుఁ దగినది హామ్లెట్టునకుఁ దగునా? రాజభవనతూర్యములు రెంటికిని సామాన్యములే కావచ్చును. ఒక నాటకపు సంగీతము నింకొక నాటకమున కెత్తి పెట్టఁగలిగితిమన్న, నది నాటకాత్మలో లీనము కాలేదని యొప్పుకొనుటయే. చిత్రముకొఱకు 1964లో నాతఁ డంతయుఁ గ్రొత్తగా వ్రాసెను. దీనినిబట్టి యాతనికిని నా యెఱుక కలదని యూహింపవచ్చును.

ఆ హామ్లెట్టు చిత్రము కోజింత్సెవ్ దర్శకత్వమున లెన్‌ఫిలిమ్ సంస్థ నిర్మించినది. భాషాంతరీకరణము పాస్టర్నాక్ మహాకవిది. స్మొక్తునోవ్‌స్కీ హామ్లెట్టు, వెర్తిన్‌స్కయా ఒఫీలియా. సముద్రము, శిలలు, కోట, నల్లజెండాలు, కాఁగడాలతోఁ జిత్ర మారంభించును. పాస్టర్నాక్ పద్యములను జాలవఱకుఁ గుదించిరి. కవిత్వమును గోయుట పండితులకుఁ గష్టము కలిగించును, కలిగింపవలసినదే. కాని కోసిన పద్యము వదలిన చోటును దర్శకుఁడు శూన్యముగా విడువలేదు. దాని నిండించు భారము కొంత సముద్రమునకు, కొంత సంగీతమునకు నప్పగించెను. కోజింత్సెవ్ తన రచనలలో, షోస్తకోవిచ్ సంగీతము లేనిదే షేక్స్పియరు చిత్రము నూహింపలేనని చెప్పి, క్రౌర్యమునెడ, నధికారపూజయెడ, సత్యహింసయెడ నందుఁ గల ద్వేషమునే దాని ముఖ్యగుణముగాఁ బేర్కొన్నాఁడు. సంగీతమునఁ గారుణ్యమో సౌందర్యమో యున్నదనుట సామాన్యము. ద్వేషమున్నదని మెచ్చుట యసామాన్యము. రౌద్రమునకు స్థాయి క్రోధ మగునట్లే యిచట ద్వేషము స్థాయిగా నున్నదనుట యుక్తము.

ఒఫీలియాసంగీతమే యీ కృతిలో శిరోభూషణము. తొలిసారి యామె కనఁబడునపుడొక వృద్ధురాలు నృత్యపాఠము చెప్పుచుండును. చిన్న కీలవాద్యమొకటి సన్నని కింకిణీధ్వనితో నడక నేర్పుచుండును. అందు మాధుర్యము లేదు, దుఃఖమును లేదు; లెక్కప్రకారము కదలు బొమ్మనడక యున్నది. చేతు లిట్లు, మెడ యిట్లు, కన్ను లిట్లు. రాజభవన మొక బాలికను బొమ్మగాఁ జేయు విధమును జూపుట కింతకంటె బిగ్గరగాఁ బలుకవలసిన పని లేదు. తండ్రి మరణించిన తర్వాతఁ బరిచారిక లామెకు దుఃఖవస్త్రములు తొడుగుదురు. వస్త్రములకు ముందొక యినుపచట్రము. దానిమీఁద నల్లని పట్టు. ఉన్మాదదశలో నామె సైనికుల నడుమ నడయాడుచు, ఎండుపుల్లలను బువ్వులుగా నిచ్చుచు, నా నృత్యపాఠమునే మరల నభినయించును. మనస్సు పోయినది, పాఠము మిగిలినది! ఇక్కడ సంగీతకర్త కరుణరసమునకుఁ దగిన శోకవరుస నొకటి వ్రాసి ప్రేక్షకుల నేడ్పింపవచ్చును; ఎవ్వఁడైనను నట్లే చేసియుండును. అతఁడు మొదటి దృశ్యములోని లెక్కనడకను దెచ్చి నిలిపెను. మొదట విన్నపుడు హాస్యచ్ఛాయ గల స్వరములే రెండవసారి గుండెను బిండును. ఇది యాక్షేపికియని యొకరును గాదని యింకొకరును వాదింపవచ్చును. రసాంతరమును దెచ్చినది క్రొత్తగానము కాదు, పూర్వగానస్మరణము. భరతుని యైదు భేదములలో దీని కచ్చమైన చోటు లేదు. శాకుంతలమున హంసపదిక పాట వినిన దుష్యంతునకుఁ గారణ మెఱుఁగరాని పర్యుత్సుకత్వము కలిగించిన కాళిదాసుఁడు దీనిని గ్రహించియుండునని చెప్పవచ్చును.

ప్రేతదృశ్యమున నిత్తడిబాకాలును భేరులును విజృంభించును. ప్రేతము కవచధారియై, గాలికి విశాలముగాఁ దెరలు దుప్పటితో మెల్లమెల్లఁగాఁ గోటమీఁద నడచును. గుఱ్ఱములు కట్లు త్రెంచుకొని పరుగెత్తును. ఇక్కడి సంగీతము భయానకమునకుఁ దగియే యున్నదని యందఱును మెచ్చిరి. అయిన నొక యాక్షేపణము చెప్పవలసియున్నది. దృశ్యము భయంకరమై, గాలి భయంకరమై, నడక భయంకరమై యుండఁగా బాకాలు కూడ భయంకరముగా మ్రోఁగుట పునరుక్తి. క్రొత్త బాబిలోను చిత్రమున దృశ్యమును మరలఁ జెప్పుట వ్యర్థమన్న యువకుఁడే యిచట దానిని జెప్పుచున్నాఁడు. ప్రేతదృశ్యమును విన్నపు డదరుదుము. ఒఫీలియాదృశ్యమును విన్న పిమ్మట మఱునాఁడుకూడ మఱువలేము. ఈ భేదమునకుఁ గారణము ఘోషబలము కాదు, వ్యంగ్యబలము.

ఇఁక వేణుదృశ్యము. 1932లో నసభ్యపరిహాసమునకు గుఱియైన యా స్థలమే 1964లో స్మొక్తునోవ్‌స్కీ నోటఁ జిత్రమునకుఁ గేంద్రమైనది. అతఁడు గొంతు హెచ్చింపఁడు. వేణువు నందిచ్చి, రాదన్నవారిని జూచి, మెల్లగాఁ గోపమును బలుకును. ఇచట వేణువు పరిహాసవస్తువు కాదు. చారులు పలికింపఁజూచిన మనుష్యుని మాట. 1936లోను 1948లోను దాను వ్రాసిన స్వరములకై నిలువఁదీయఁబడి, యధికారుల కోరికమేరకుఁ బలికి, పలుకవలసినది నాలుగవ సింఫొనీవలె నిరువదియైదేండ్లు పెట్టెలోఁ బెట్టుకొన్న యొక సంగీతకర్త యీ దృశ్యమునకు సంగీతము కూర్చినాఁడను సంగతి ప్రేక్షకునకుఁ దెలిసినను దెలియకున్నను దృశ్యము నిలుచును. తెలిసినవాని కది వేఱొక బరువుతో వినఁబడును. కవిజీవితమును గావ్యమునకుఁ గొలమానముగాఁ బెట్టరాదని సాహిత్యవేత్తలు చెప్పు నిషేధము సరియైనదే. అయినను రెండు ప్రయోగములు నొక్క చేతివే యైనపుడు, నడుమ నా చేతి కేమి జరిగినదో యడుగకుండుట కృత్రిమమైన సంయమ మగును.

రంగస్థలసంగీతమునకును దెరసంగీతమునకును గల భేదమును గూర్చి యొక మాట. రంగముపై వాద్యగాఁడు నటుని ననుసరించును. నటుఁడు నేఁడు నాలుగు క్షణము లెక్కువ నిలిచిన వాద్యమును నిలుచును. మన పద్యనాటకములలో నీ సౌలభ్యము ముదిరి, వన్సుమోరుల వెల్లువలో హరిశ్చంద్రుఁడు కాటిలో నొకే పద్యమును మూఁడుసార్లు పాడి, మృతుఁడైన లోహితునిఁ బ్రేక్షకులు మఱచు దశకు వచ్చినది. తెరపై నట్టి ప్రమాదము లేదు. కాని ప్రాణమును గొంత తక్కువ. సంగీత మొకసారి ముద్రితమైనచో నది నటున కొదుగదు, నటుఁడే దాని కొదిగి యుండవలెను. రాజసభలో జనసమ్మర్దము నడుమ హామ్లెట్టు నడచుచుండఁగా నాతని స్వగతము పెదవి కదలకయే వినఁబడు దృశ్యమున నీ బంధనమే గుణమైనది. పైకి సభాకోలాహలము, లోపల నొంటరిమాట. రంగముపై నటుఁడు 'స్వగతము' అని ప్రక్కకుఁ దిరిగి యఱవవలసిన దానిని దెర నిజముగా స్వగతము చేసినది.

లియరు చిత్రము 1971లో వెలువడెను. అప్పటికి సంగీతకర్త రోగపీడితుఁడు. కుడిచేయి స్వాధీనమునఁ లేదు. యూరి యార్వెత్ అను నెస్తోనియా నటుఁడు లియరు. ఒలేగ్ దాల్ విదూషకుఁడు. 1941 నాఁటి పండుగపాట యిందు లేదు. పది పాటలును దగ్గి పోయినవి. విదూషకుని చేతిలో నొక పిల్లనగ్రోవి మాత్రము మిగిలినది. ఱాతిబాటపై భిక్షుకజనము నడచివచ్చు మొదటి దృశ్యమున నా గ్రోవి వినఁబడును. యుద్ధానంతరము నగరము తగులఁబడుచుండఁగా మాటలు లేని బృందగానమొకటి జనరోదనముగా వచ్చును. శబ్దార్థములు రెంటిని విడిచిన యా రోదనమును వినిన, గీతశబ్దమునకు వాచకత్వము లేకున్నను వ్యంజకత్వము కలదన్న వాక్యమునకు వ్యాఖ్య వ్రాయఁ బనిలేదు.

షేక్స్పియరు నాటకమున విదూషకుఁడు మూఁడవ యంకము దాఁటినపిదపఁ గనఁబడఁడు. ఎందులకో కవి చెప్పలేదు; విమర్శకులు మూఁడువందల యేండ్లుగాఁ గారణములు కల్పించుచున్నారు. కోజింత్సెవ్ ఆతనిఁ గడపటి వఱకు నిలిపెను. తల గొఱిగిన యా కుఱ్ఱవానిఁ జిత్రించునపుడు, మృత్యుశిబిరములలో వాద్యములు వాయింపవలసి వచ్చిన ఖైదీలు తన మనస్సునం దుండిరని దర్శకుఁడు వ్రాసెను. మూలగ్రంథమునుండి తొలఁగుట యిది. పాఠనిష్ఠ గలవారు దీనిని దప్పుపట్టుదురు. అట్లు పట్టుట కధికారము కలదు. కాని యీ తొలఁగుటవలననే సంగీతమునకుఁ గడపటి ధ్రువ దొరకినది. లియరును గార్డీలియాను మోసికొని సైనికులు పోవుచుందురు. దారిలో విదూషకుఁడు కూర్చుండి యేడ్చుచుండును. అడ్డముగా నున్నాఁడని యొక సైనికుఁ డాతనిఁ గాలితోఁ దన్ని పోవును. వాఁడు ప్రక్కకు జరిగి పిల్లనగ్రోవి నెత్తి మరల వాయించును. శవయాత్రకుఁ దగిన బాకాలు లేవు, భేరులు లేవు. శాస్త్రప్రకారము నైష్క్రామికి పాత్ర నిష్క్రమించుట కేర్పడిన గానము. ఇచట నిష్క్రమించినవారందఱు నిష్క్రమింపఁగా, వాయించువాఁడు మాత్రము రంగముపై మిగిలియున్నాఁడు.